వెయ్యి గజాల గురి... కొలత లేని లెక్క!

బాపట్ల, గ్రామీణం: ‘‘ఏడెనిమిది వందల డాలర్లు పోసి కొన్నాను బాబాయ్, అబద్ధం చెబుతోంది’’... అమెరికాలోని టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నగారి కుమారుడు ఒకనాటి రాత్రి ఫోనులో వెళ్లబోసుకున్న గోడు ఇది. అబద్ధం చెబుతున్నది మనిషి కాదు, అరచేతిలో ఇమిడే యంత్రం. దూరపు లక్ష్యాలను రైఫిల్‌తో గురిచూసి కొట్టే క్రీడలో తూటా ఎంత కిందికి దిగుతుందో, గాలికి ఎంత పక్కకు జరుగుతుందో లెక్కగట్టి చెప్పే ‘బాలిస్టిక్ కాలిక్యులేటర్’ అది. క్లబ్బు పోటీలో వెయ్యి గజాల దూరాన వేలాడదీసిన 20 అంగుళాల ఉక్కు పలకను కొట్టాలి. గడువు కొద్ది నిమిషాలే. యంత్రం తప్పు చెప్పదన్న నమ్మకంతో అది చూపిన అంకెనే స్కోపులో తిప్పి మూడు తూటాలు పేల్చాడు. మూడూ పలకకు దిగువన మట్టిలో దుమ్ము లేపాయి. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివి, ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టిన పాపానికి ఈ పంచాయితీ ఈ విలేకరి ముందుకు వచ్చింది.

ఎక్కడో టెక్సాస్ గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. అయితే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత్ సాధించిన ఆరు పతకాలలో మూడు షూటింగ్‌లో వచ్చినవే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన సంగతి, 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చిన సంగతి విదితమే. ఈ విజయాలు చూసి పిల్లలను షూటింగ్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. ఇటీవల మా ఊరి తండ్రి ఒకరు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న కుమార్తె కోసం ఫోనులో ఇటువంటి ఆప్ కొనవలసి ఉంటుందా అని ఆరా తీశారు. ఎవరో వీడియోలో చూపించారట. అక్కడి కుర్రవాడు వేసిన ప్రశ్న, ఇక్కడి తండ్రి వేసిన ప్రశ్న పైకి వేరుగా కనిపించినా రెండింటి మూలం ఒక్కటే. ఏ యంత్రం కొనాలన్నది ఆ తర్వాతి మాట. ఆ యంత్రానికి మనం ఏమి చెప్పాలన్నది ముందు తేలాలి.

తూటా దారి

తూటా సరళరేఖలో దూసుకుపోతుందన్నది సినిమాలు నేర్పిన భ్రమ. గొట్టం విడిచిన క్షణం నుంచే భూమి దానిని కిందికి లాగుతుంది, గాలి వెనక్కు నెడుతుంది. దూర లక్ష్యాలకు విరివిగా వాడే .308 రైఫిల్‌లో 175 గ్రెయిన్ల తూటా సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయలుదేరిందనుకుందాం. వంద గజాల వద్ద సరిగ్గా గురి కుదిర్చిన రైఫిల్ అయితే, వెయ్యి గజాలకు చేరేసరికి ఆ తూటా చూపు రేఖకు దాదాపు 11 మీటర్ల దిగువకు పడిపోతుంది. మూడంతస్తుల మేడ ఎత్తన్నమాట. ఆ పతనాన్ని ముందే లెక్కించి, స్కోపు మీది చక్రాన్ని అంతమేరకు తిప్పి, గొట్టాన్ని పైకెత్తి పేల్చాలి. పక్కనుంచి గంటకు పది మైళ్ల గాలి వీస్తే అదే తూటా రెండున్నర మీటర్ల మేర పక్కకు జరుగుతుంది.

ఈ లెక్కలో తూటా బరువు, ఆకారం, బయలుదేరిన వేగం, గాలి సాంద్రత, స్కోపు ఎత్తు, గురి కుదిర్చిన దూరం, గాలి వేగం, దిశ... ఇన్ని అంకెలు కలుస్తాయి. యంత్రం చేసే పని ఆ అంకెలను పుచ్చుకుని, తూటా ప్రయాణాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో వేగం ఎంత తగ్గిందో కూడుతూ పోవడం. ఆ కూడిక తప్పే అవకాశం ఈ రోజుల్లో బహుస్వల్పం. తప్పేది మనం ఇచ్చే అంకెలే. తప్పుడు సర్వే నంబరు రాసిస్తే కంప్యూటరు అడంగల్ కూడా తప్పుగానే వస్తుంది కదా.

కడలూరులో కన్నుమూసిన గురువు

ఈ శాస్త్రానికి ఆధునిక రూపం ఇచ్చినవాడు కోరమండల్ తీరంలోనే కన్నుమూశాడన్న సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండుకు చెందిన గణితవేత్త. 1742లో తుపాకీ శాస్త్రంపై ఆయన వెలువరించిన గ్రంథం యూరప్‌ను కుదిపివేసింది. అంతటి గణితమేధావి ఆయిలర్ దానిని 1745లో జర్మన్ భాషలోకి తెచ్చి వ్యాఖ్య రాశాడంటే దాని విలువ అర్థమవుతుంది. రాబిన్స్ తదనంతరం ఈస్టిండియా కంపెనీ కొలువులో కోటల మరమ్మతుకు ఇంజినీర్ జనరల్‌గా మన తీరానికి వచ్చి, 1751లో కడలూరు వద్ద ఉన్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

ఆయన చేసిన ఘనకార్యం వినడానికి చాలా చిన్నది. బరువైన చెక్కదిమ్మను ఉయ్యాలలా వేలాడదీసి, దానిలోకి తుపాకీ గుండు పేల్చి, ఆ దిమ్మ ఎంత ఊగిందో కొలిచాడు. ఆ ఊపు నుంచి గుండు వేగం రాబట్టాడు. అంతకుముందు పండితులు కాగితం మీద చక్కని వక్రరేఖలు గీసి గుండు ఇలాగే పోతుందని తీర్మానించేవారు. వేగాన్ని కొలిచి చూశాక తేలిందేమంటే, వేగంగా పోయే గుండుపై గాలి చూపే నిరోధం ఆ గుండు బరువుకు అనేక రెట్లు ఉంటుందని. పండితుల వక్రరేఖలన్నీ తప్పాయి. వారి గణితంలో దోషం లేదు, కొలతే లేదు. మా అన్న కొడుకు యంత్రంలో జరిగిందీ అచ్చంగా ఇదే కావడం గమనార్హం.

కొలత వచ్చాక కూడిక భారం మిగిలింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఫిరంగుల పట్టికల కోసం వందలాది మంది గణకులను, వారిలో అత్యధికులు మహిళలు, కూర్చోబెట్టి లెక్కలు వేయించింది. అప్పట్లో ‘కంప్యూటర్’ అంటే యంత్రం కాదు, ఆ ఉద్యోగి హోదా. ఒక నిమిషంపాటు సాగే గుండు ప్రయాణాన్ని లెక్కించేందుకు నేర్పరి గణకురాలికి మేజా కాలిక్యులేటర్‌తో దాదాపు 20 గంటలు పట్టేది. ఆ బాధ తప్పించేందుకు నిర్మించి 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించిన ఎనియాక్ యంత్రం అదే పనిని 30 సెకన్లలో ముగించింది. నేటి చౌకబారు ఫోను కూడా కన్ను మూసి తెరిచేలోగా ఆ పని చేసేస్తుంది. కాబట్టి ‘మా యంత్రం అతి వేగంగా లెక్కిస్తుంది’ అన్న ప్రచారానికి డబ్బు చెల్లించనక్కరలేదు.

పెట్టె మీద రాత

తూటాల పెట్టె మీద ముద్రించిన వేగం ఆ కంపెనీ తన పరీక్షా గొట్టంతో కొలిచినది. సాధారణంగా ఆ గొట్టం 24 అంగుళాలది. మనవాడి రైఫిల్ గొట్టం 20 అంగుళాలే. గొట్టం పొట్టిదయ్యేకొద్దీ మందు పొగ తూటాను తోసే దారి తగ్గి, అంగుళానికి సుమారు 20 అడుగుల చొప్పున వేగం పడిపోతుంది. పెట్టె మీద ఉన్న 2,600ను అతడు యథాతథంగా యంత్రంలో ఎక్కించాడు. సెకనుకు 80 అడుగుల తేడా వంద గజాల వద్ద కంటికి ఆనదు. వెయ్యి గజాల వద్ద అది దాదాపు 30 అంగుళాల పతనం. పలక సగం ఎత్తు పది అంగుళాలు. దుమ్ము ఎక్కడ లేచిందో ఇక చెప్పనక్కరలేదు.

అందువల్ల ఈ క్రీడలో అడుగుపెట్టేవారు మొట్టమొదట కొనవలసింది, లేదా అరువు తెచ్చుకోవలసింది, వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్. ఒకప్పుడు ఇది ఎండ పడితే ఒక మాట, మబ్బు పడితే ఒక మాట చెప్పే సున్నితమైన వస్తువు. తర్వాత గొట్టానికి బిగించే అయస్కాంత రకాలు, రాడార్ రకాలు వచ్చాయి. 2023లో గార్మిన్ సంస్థ విడుదల చేసిన జీరో సీ1 ప్రో అగ్గిపెట్టెలు నాలుగైదు కలిపినంత పరిమాణంలో ఉండి, పక్కన నిలబెడితే చాలు, తూటా వేగం చెబుతుంది. క్లబ్బులో నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. అయితే మూడు తూటాలు పేల్చి సగటు తీసేసి లేచిపోవడం తగదు. కనీసం పదిహేను ఇరవై తూటాల సగటు ఉంటేనే ఆ అంకెను నమ్మవచ్చు. వేసవిలో కొలిచినది శీతాకాలంలో పనికిరాకపోవచ్చు; మందుగుండు వేడికి స్పందిస్తుంది.

రెండో పొరపాటు ఆకారానికి సంబంధించినది. తూటా గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకెను బాలిస్టిక్ గుణకం అంటారు. దీనికి రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. జీ1 అన్నది మొద్దు అడుగు గల పాతకాలపు గుండుతో పోల్చి చెప్పేది. జీ7 అన్నది తోక సన్నబడిన పొడవాటి నేటి తూటాతో పోల్చి చెప్పేది. ఒకే 175 గ్రెయిన్ల తూటాకు జీ1 కొలమానంలో 0.5కు అటూ ఇటూ, జీ7లో 0.24కు అటూ ఇటూ వస్తుంది. రెండూ నిజమే, కుంచానికీ కిలోకూ ఉన్నంత తేడా. జీ1 అంకెను జీ7 గడిలో ఎక్కిస్తే యంత్రం ఆ తూటాను గాలి తాకని దివ్యాస్త్రంగా భావించి, వెయ్యి గజాల వద్ద రెండు మీటర్లకు పైగా తక్కువ ఎత్తు చూపిస్తుంది. ఎర్రగీత గీసి హెచ్చరించే సాధనాలు కొన్నే. దూరపోటీల తూటాలకు జీ7 వాడడమే మేలు.

మూడోది వాయుపీడనం. ఇక్కడ చదువుకున్నవారూ బోల్తా పడుతున్నారు. వాతావరణ శాఖ ప్రకటించే పీడనం సముద్రమట్టానికి సరిదిద్ది చెప్పే అంకె. ఊళ్లన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చి పోల్చేందుకు వారికి అది అవసరం. తూటాకు కావలసింది మాత్రం అది ఎగిరేచోట ఉన్న అసలు పీడనం. మన బాపట్ల, సూర్యలంకలో ఈ రెండింటికీ తేడా లేదు. కాళ్ల కిందే సముద్రం. అమెరికాలో దూరపోటీలకు పేరొందిన న్యూమెక్సికోలోని రాటన్ మైదానం సుమారు 6,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. ఎత్తు గడిలో సున్నా వేసి, టీవీలో చెప్పిన పీడనాన్ని ఎక్కిస్తే యంత్రం చిక్కని గాలిని ఊహించుకుని ఎక్కువ ఎత్తు చూపుతుంది. వెయ్యి గజాల వద్ద తూటా లక్ష్యానికి మీటరుకు పైగా ఎగువ నుంచి పోతుంది. కొనేముందు ఆ సాధనం ‘ఉన్నచోటి పీడనం’ అడుగుతున్నదా, ‘సరిదిద్దిన పీడనం’ అడుగుతున్నదా స్పష్టంగా రాసి ఉందో లేదో చూడాలి. రాసి లేనిదాన్ని పక్కనపెట్టడం ఉత్తమం.

ఇక స్కోపు. లెక్క సరిపోయినా, చక్రం మీద 30 నిమిషాల కోణం తిప్పితే స్కోపు నిజంగా 30 తిరిగిందా? వంద గజాల వద్ద ఒక నిమిషం 1.047 అంగుళాలు. కాబట్టి తూగుగుండు దారంతో నిటారుగా గీత గీసిన పొడవాటి కాగితంపై కింద ఒకసారి పేల్చి, 30 తిప్పి మళ్లీ పేల్చితే రెండు రంధ్రాల మధ్య 31.4 అంగుళాలు రావాలి. 30 అంగుళాలే వచ్చిందంటే ఆ స్కోపు నూటికి ఐదు వంతులు తక్కువ చెబుతోంది. వెయ్యి గజాల వద్ద అది 20 అంగుళాలు. తాపీమేస్త్రీ తూగుగుండు, ఒక టేపు ఉంటే చాలు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అయినా చేసేవారు అరుదు.

గమ్మత్తేమంటే, అమ్మకందారులు ఊదరగొట్టేది ఈ నాలుగింటిని గురించి కాదు. భూభ్రమణం వల్ల తూటా పక్కకు జరిగే కొరియాలిస్ ప్రభావాన్ని తమ సాధనం లెక్కిస్తుందని గొప్పగా చాటుతారు. 45 డిగ్రీల అక్షాంశం వద్ద ఇదే .308 తూటాకు వెయ్యి గజాల దూరంలో ఆ ప్రభావం మూడు అంగుళాలు. 17 డిగ్రీల వద్ద ఉన్న హైదరాబాద్‌లో అయితే ఒక్క అంగుళం చిల్లర. తూటా తన చుట్టూ తాను తిరగడం వల్ల కుడికి జరిగేది ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూ; దీనిని లెక్కలోకి తీసుకోవలసిందే. పక్కగాలిని గంటకు ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తేనో, పది అంగుళాలు! ఆ గాలిని పూర్తిగా కొలిచే సాధనం మాత్రం ఏ దుకాణంలోనూ లేదు. చేతిలోని గాలిమర షూటర్ నిలబడిన చోట గాలిని కొలుస్తుంది. తూటా దాటే వెయ్యి గజాల పొడవునా గాలి ఒక్కతీరున వీయదు కదా.

ఏ పోటీకి ఏ సాధనం?

అన్ని పోటీలకూ ఒకే మందు పనిచేయదు. ఇంగ్లండులో 1860లో వింబుల్డన్‌లో మొదలై 1890 నుంచి బిస్లీలో జరుగుతున్న రాజ బహుమతి పోటీ చివరి అంకం 900, 1000 గజాలది. దూరం ముందే తెలుసు. అసలు లెక్కకు ముందు గురి చూసుకునేందుకు రెండు తూటాలు ఇస్తారు. మొదటి తూటా కాగితం మీద పడేటంత అంచనా చాలు, తర్వాత రంధ్రమే దారి చూపుతుంది. అక్కడివారి ఆస్తి పాత స్కోరు పుస్తకం, మైదానం పొడవునా ఎగిరే జెండాలను చదవగల కన్ను. కెనడాలో పుట్టిన ఎఫ్-క్లాస్ పోటీలోనూ అంతే. వయసు మీరి చూపు మందగించిన షూటర్లు ఆటకు దూరం కాకూడదని జార్జ్ ఫార్కర్‌సన్ టెలిస్కోపును, ఆనుకునే దిమ్మెను అనుమతించి ఈ విభాగానికి బీజం వేశాడు. వెయ్యి గజాల వద్ద పది మార్కుల వలయం వెడల్పు పది అంగుళాలు. అంటే కేంద్రానికి అటు ఐదు, ఇటు ఐదు. గాలి అంచనాలో ఒక మైలు తప్పితే వలయం దాటినట్లే. ఇటువంటివారికి కంప్యూటరులో ఉచితంగా లభించే జేబీఎం బాలిస్టిక్స్ వంటి లెక్కలపుట సరిపోతుందనడంలో సందేహం లేదు. అంకెలు వేసి పట్టిక ముద్రించుకుని, రైఫిల్ పెట్టె మూతకు అతికించుకోవచ్చు.

2012లో అమెరికాలో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ తీరు పూర్తిగా వేరు. ఒక్కో మజిలీలో రకరకాల దూరాల్లో ఉక్కు పలకలు, గడియారం పరుగు, గురి చూసుకునే తూటాలు ఉండవు. మా అన్న కొడుకు ఆడేది ఈ తరహా ఆటనే. ఇక్కడ ఉష్ణోగ్రత, పీడనం తానే కొలుచుకుని లెక్క చెప్పే కెస్ట్రెల్ వంటి పరికరానికి నిజమైన ప్రయోజనం ఉంది. ఫోనులో వాడదలచినవారికి అప్లయిడ్ బాలిస్టిక్స్, హోర్నడీ 4డాఫ్, లాపువా బాలిస్టిక్స్ వంటివి ఉన్నాయి. చివరి రెండూ తూటాలు తయారుచేసే సంస్థలవే. తమ తూటాలను డాప్లర్ రాడార్‌తో దారి పొడవునా కొలిచి, ఒక్క గుణకానికి బదులు ఆ కొలతల వక్రరేఖనే అందులో పొందుపరిచాయి. తూటా వేగం ధ్వని వేగానికి దగ్గరపడే చోట, అంటే .308కు వెయ్యి గజాల ప్రాంతంలో, ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఆ గడప వద్ద గుణకాల లెక్క తడబడుతుంది. కొన్ని తూటాలే తడబడతాయి. వెనుకటి 168 గ్రెయిన్ల మ్యాచ్ తూటాకు ఆ అపకీర్తి ఉంది. అయితే సొంత తూటాల సంస్థ ఆప్‌లో పొరుగు సంస్థ తూటాలకు అంతటి సమాచారం దొరకదన్నది మరువరాదు.

ఈ విలేకరి జేబీఎం పుటలోనూ మరో ఆప్‌లోనూ ఒకే అంకెలు ఎక్కించి చూడగా వెయ్యి గజాల వద్ద కూడా జవాబుల మధ్య తేడా స్కోపు చక్రంపై ఒకటి రెండు మెట్లకు మించలేదు. ఏ సాధనం కొనదలచినవారైనా ఈ పరీక్ష ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. తేడా భారీగా వచ్చిందంటే ఏదో ఒక గడిలో తప్పు అంకె ఉందని అర్థం.

మాయమైన ఆప్

ధర, కచ్చితత్వం చూసి కొన్నంత మాత్రాన కథ ముగియదు. రష్యా రూపకర్త తయారుచేసిన స్ట్రెలాక్ ప్రో అనే ఆప్ ఏళ్ల తరబడి ప్రపంచమంతటా షూటర్ల ఫోన్లలో రాజ్యమేలింది. తక్కువ ధర, వేలకొద్దీ తూటాల పట్టిక దాని బలం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అది ఆపిల్, గూగుల్ దుకాణాల నుంచి తొలగింపునకు గురైంది. ఏళ్లుగా కూడబెట్టుకున్న తమ రైఫిళ్ల వివరాలను ఆ ఆప్‌లోనే దాచుకుని, మరెక్కడా రాసుకోనివారు ఫోను మార్చుకోవాలంటేనే ఇరకాటంలో పడ్డారు. పొలం పాసుపుస్తకం నకలు తీయించుకోనివాడి పరిస్థితి ఇంతకంటే భిన్నంగా ఉంటుందా?

అందుచేత సిగ్నల్ లేనిచోట పనిచేస్తుందా, పట్టికను కాగితం మీదికి దించుకునే వీలుందా, ఏటేటా చందా కట్టకపోతే తలుపు మూసేస్తుందా అన్నవి కొనేముందే అడగాలి. దూరపోటీల మైదానాలు ఊళ్లకు దూరంగా ఉంటాయి. అక్కడ సెల్ టవరు ఉంటుందన్న భరోసా లేదు. చల్లని తెల్లవారుజామున బ్యాటరీ చేతులెత్తేసిన రోజు, జేబులోని పట్టికే దిక్కు.

ఇంకో చిక్కు ‘ట్రూయింగ్’ అనే సదుపాయం. తూటా యంత్రం చెప్పిన చోట పడకపోతే, పడిన చోటును దానికి చెబితే వేగాన్నో గుణకాన్నో తానే సవరించుకుని లెక్క కుదురుస్తుంది. అన్నీ కొలిచాక మిగిలిన చిన్న తేడాను సరిదిద్దుకునేందుకు ఇది మంచిదే. ఏదీ కొలవకుండా దీనిని ఆశ్రయిస్తే స్కోపు తప్పును వేగం నెత్తిన, దూరం తప్పును గుణకం నెత్తిన రుద్దినట్లవుతుంది. ఆ రోజుకు, ఆ దూరానికి లెక్క కుదిరినట్లే ఉంటుంది. మరో మైదానంలో, మరో దూరంలో బండారం బయటపడుతుంది. ఒక తప్పుతో ఇంకో తప్పును కప్పిపుచ్చే ఖాతా పుస్తకాన్ని ఆడిటరు ఎంతసేపు నమ్ముతాడు?

మన పిల్లలకు అవసరమా?

మా ఊరి తండ్రికి చెప్పిన జవాబు ఇక్కడ చెప్పక తప్పదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. గాలి చొరబడని హాలులో, మారని దూరంలో, గురి చూసుకునే పేలుళ్లు ముగిశాకే అసలు లెక్క మొదలయ్యే ఆట అది. 50 మీటర్ల .22 రైఫిల్‌లో గాలి ఉంటుంది గాని దానికి జెండా చూడాలి, ఆప్ కాదు. ఈ రెండు ఆటలకూ బాలిస్టిక్ కాలిక్యులేటర్ అక్కరకు రాదు. ఆ సొమ్ముతో రెండు మూడు తయారీ బ్యాచుల పెల్లెట్లు తెప్పించి, ఏ బ్యాచి ఆ రైఫిల్‌కు నప్పుతుందో బిగించి పేల్చి పరీక్షిస్తే మార్కులలో తేడా కనిపిస్తుంది.

మన దేశంలో 300 మీటర్ల బిగ్ బోర్ పోటీలు ఉన్నప్పటికీ, అందులో ముందుండేది ఎక్కువగా సైన్యం, సాయుధ బలగాల క్రీడాకారులే. సైనిక కాలిబరు రైఫిళ్లపై 1959 ఆయుధ చట్టం నుంచీ సాధారణ పౌరులకు ఆంక్షలు ఉన్నాయి. వెయ్యి గజాల పౌర మైదానాల మాట అటుంచితే, జిల్లా స్థాయిలో నిత్యం తెరిచి ఉండే పది మీటర్ల హాలుకే దిక్కులేని స్థితి. మన కుర్రవాళ్లు వీడియోల్లో చూసే సాధనాలు మరో దేశపు మైదానాల కోసం పుట్టినవన్న సంగతిని దుకాణదారు చెప్పడు. ఆప్‌కు పదుల డాలర్లు పోతే పోయాయనుకోవచ్చు. దాని వెంట కొలిచే పరికరాలు, స్కోపులు అంటూ అప్పు చేసే ఇళ్లుంటే మాత్రం శోచనీయం.

పంచాయితీ తేలిందిలా

మా అన్న కొడుక్కి చెప్పిన సలహా ఒక్కటే. యంత్రం అమ్మకు, క్లబ్బులో ఎవరినైనా అడిగి క్రోనోగ్రాఫ్ తెచ్చుకో అన్నాను. మొదట నసిగాడు. ‘‘పెట్టె మీద రాశారు కదా బాబాయ్’’ అన్నాడు. ఎరువు బస్తా మీద 45 కిలోలని రాసి ఉన్నా మీ తాత కాటా వేయించేవాడని గుర్తుచేశాను. రెండు వారాల తర్వాత మళ్లీ ఫోను వచ్చింది. ఇరవై తూటాల సగటు సెకనుకు 2,518 అడుగులు. పెట్టె రాతకు 82 అడుగులు తక్కువ. తూగుగుండు పరీక్షలో స్కోపు సరిగానే ఉందట. చిన్న విషయమైనా ఆ ఊరట వేరు. కొత్త వేగాన్ని ఎక్కించి, మిగతా గడులన్నీ మరోసారి సరిచూసుకుని అదే మైదానానికి వెళ్లాడు.

మొదటి తూటాకే పలక మోగిందట. రెండోదీ మోగింది. మూడోది పేల్చే సమయానికి గాలి మళ్లి, పలక కుడి అంచు పక్కనుంచి దుమ్ము లేచింది. గాలి సంగతి యంత్రాన్ని అడగలేదా అంటే నవ్వాడు. మైదానం చివరి జెండా, మధ్య జెండా ఆ క్షణాన ఎదురెదురు దిక్కులకు ఎగురుతున్నాయట. ఈ వారం పేల్చకుండా ఒక పూటంతా కూర్చుని జెండాలే చూసి వస్తానన్నాడు. ఎన్‌సీసీ శిబిరంలో నువ్వు ఎన్ని కొట్టావు బాబాయ్ అని చివర్లో అడిగాడు. పాతిక గజాల దూరానికి ఐదింటిలో రెండని చెప్పి ఫోను పెట్టేశాను.